ముందు సీట్లో ముగ్గురు

పాత ఫియట్ కారులో గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన ఉంటుంది. దాన్ని నేలమీదికి దించితే నడపడం హాయి. కాకపోతే ఆ హాయికి ఓ సీటు చెల్లించాలి. ఆ కారును తయారుచేసిన కుర్లాకీ, యాభై ఏళ్లు తిప్పిన ముంబయికీ ఈ లెక్క బాగా తెలుసు.

ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ దగ్గర రైలు దిగి బయటికొస్తే ట్యాక్సీలు ఇప్పటికీ బారులు తీరి ఉంటాయి. నల్లటి ఒళ్లు, పసుపు టోపీ... రంగులేమీ మారలేదు. కారు మాత్రం మారిపోయింది. గుండ్రటి దీపాలు, మూల అద్దాలు, నెత్తిన సామాన్ల క్యారియర్, ఎడమవైపు బయట బిగించిన మీటరు... అదంతా ప్రీమియర్ పద్మిని. మనవాళ్లు ఏ పేరూ పట్టించుకోకుండా 'ఫియట్ కారు' అనేసేవారే, అదే ఇది.

ట్యాక్సీగా దాని కథ 2023 అక్టోబరులో ముగిసింది. ముంబయిలో ట్యాక్సీల వయసు 20 ఏళ్లు దాటకూడదన్నది నిబంధన. తార్‌దేవ్ ఆర్టీవో కార్యాలయంలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. దానికి ఇరవయ్యేళ్లు నిండగానే తెర పడింది. బెస్ట్ సంస్థ పాత డీజిల్ డబుల్ డెక్కర్ బస్సులకు నగరం వీడ్కోలు చెప్పింది కూడా ఆ సెప్టెంబరులోనే.

ట్యాక్సీలు పోయినా సొంత కార్లు పోలేదు. తాతయ్య కొన్న ఫియట్‌ను షెడ్డులో దాచుకున్న ఇళ్లు ముంబయిలోనూ ఉన్నాయి, మన ఊళ్లలోనూ ఉన్నాయి. ఆదివారం పూట దాన్ని బయటికి తీయాలని సరదా. కానీ కొత్త కార్లకు అలవాటుపడ్డ మనవడు స్టీరింగ్ ముందు కూర్చోగానే తికమక మొదలవుతుంది. ఎడమచేయి అలవాటుగా కిందికి పోతుంది. అక్కడ గేరుండదు! ఉన్నచోట వెతికి పట్టుకుంటే అదేమో మజ్జిగలో కవ్వంలా ఊగుతుంది. 'దీన్ని తీసేసి మామూలు గేరు పెట్టించలేమా?' అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

పెట్టించొచ్చు. కాకపోతే ఆ కడ్డీ అసలు పైకెందుకు ఎక్కిందో తెలిశాక నిర్ణయించుకుంటే మంచిది.

కుర్లా కారు

ముంబయి సెంట్రల్ లైన్‌లో కుర్లా పెద్ద జంక్షన్. కుర్లి అంటే అక్కడి భాషలో పీత. ఒకప్పుడు చిత్తడి నేలలూ, పీతలూ ఉన్న పల్లె కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. అక్కడి నుంచి ఉత్తరంగా సాగే లాల్ బహదూర్ శాస్త్రి మార్గ్‌కు పాతపేరు ఆగ్రా రోడ్డు. ఆ దారి పక్కనే ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ వెలిసింది. 1944లో ఆ కంపెనీని స్థాపించింది వాల్‌చంద్ హీరాచంద్. ఆయన మనకూ పరాయివారేం కాదు. విశాఖపట్నంలో ఇప్పుడు హిందుస్థాన్ షిప్‌యార్డుగా ఉన్నది 1941లో ఆయన సింథియా కంపెనీ శంకుస్థాపన చేయించినదే. ఓడ విశాఖలో, కారు కుర్లాలో... రెండూ దేశంలోనే తయారవ్వాలన్నది ఆయన పట్టుదల.

తొలిరోజుల్లో కుర్లాలో అమెరికా క్రిస్లర్ కంపెనీ కార్లను విడిభాగాలుగా తెప్పించి బిగించేవారు. 1950లలో ఇటలీ ఫియట్‌తో పొత్తు కుదిరింది. అప్పుడొచ్చిన 1100 మోడల్‌కు వెనుకభాగం ఆకారం చూసి ముంబయి జనం 'డుక్కర్ ఫియట్' అని ముద్దుపేరు పెట్టారు. డుక్కర్ అంటే పంది! 1964లో కొత్త ఒంపులతో 1100 డిలైట్ వచ్చింది. ఫియట్‌తో ఒప్పందం ముగిశాక అదే కారు కొన్నాళ్లు ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974 నుంచి చిత్తోడ్ రాణి పేరుతో పద్మిని అయింది. పేర్లు మారినా లోపలున్నది ఒకటే. 1089 సీసీ ఇంజిను, 40 హార్స్‌పవర్, నాలుగు గేర్లు.

పొడవు నాలుగు మీటర్లలోపే. అంటే అంబాసిడర్ కన్నా అడుగుకు పైగా పొట్టి. కలకత్తా అంబాసిడర్‌ను ఎంచుకుంటే ముంబయి పద్మినిని కావలించుకోవడానికి ఈ పొట్టితనం ఓ కారణం. గిర్‌గావ్, భులేశ్వర్ లాంటి ఇరుకు సందుల్లో ఆ అడుగు తేడాయే దారి ఇస్తుంది. ట్యాక్సీలు బాగా తిరిగిన రోజుల్లో వాటి సంఖ్య 60 వేలు దాటిందని సంఘాలు చెబుతాయి.

కడ్డీ పైకెందుకు ఎక్కింది?

పొట్టి కారు సరే, మరి మనుషులు పట్టేదెలా? అక్కడే గేరు కడ్డీ తెలివి చూపించింది. అమెరికాలో 1930ల చివర నుంచి కార్లలో గేరు లివరు నేలమీంచి స్టీరింగ్ పక్కకు ఎక్కడం మొదలైంది. దాంతో ముందు భాగంలో నేలంతా ఖాళీ. ఈ చివర నుంచి ఆ చివర వరకూ ఒకటే బెంచి సీటు వేయొచ్చు. ఇద్దరి చోట ముగ్గురు సర్దుకోవచ్చు. ఇటలీ ఫియట్ కూడా తన కుటుంబాల కారుకు అదే పద్ధతి పాటించింది. కుర్లాకు ఆ డిజైనే వచ్చింది.

ఇక మన కుటుంబాల సంగతి చెప్పేదేముంది! నాన్న స్టీరింగ్ దగ్గర, అమ్మో తాతయ్యో ఆ చివర, మధ్యలో ఓ బుడతడు. వెనకాల నలుగురు. తిరుపతి ప్రయాణమైనా, మేనత్త కూతురి పెళ్లయినా బండి ఒక్కటే. మధ్యలో కూర్చున్న పిల్లాడికి ముందున్న అద్దమంతా వాడిదే. ఈ రోజుల్లో అలా కూర్చోబెట్టడం భద్రత కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. కానీ ఆ తరం జ్ఞాపకాల్లో ఫియట్ అంటే ఆ మధ్య సీటే.

ముంబయి ట్యాక్సీ డ్రైవరుకు బెంచి సీటు ఇంకా పెద్ద ఆస్తి. ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చి, అద్దె గది భరించలేక బండిలోనే నిద్రపోయే డ్రైవర్లు ఎందరో. రాత్రి కిరాయిలు అయిపోయాక కాళ్లు ముడుచుకుని పడుకోవడానికి ఆ సీటే మంచం. మధ్యలో గేరు కడ్డీ నిలబడి ఉంటే ఆ మంచం లేనట్టే. కుడివైపు ట్రాఫిక్ హోరెత్తుతుంటే జరిగి ఎడమ తలుపులోంచి దిగిపోవడానికీ అదే వీలు.

ఊగులాట ఎక్కడ?

మరి కడ్డీ కవ్వంలా ఎందుకు ఊగుతుంది? తప్పు డిజైనుది కన్నా వయసుదే ఎక్కువ. నేలమీద గేరున్న వెనుక చక్రాల కార్లలో లివరు దాదాపు గేర్‌బాక్సు నెత్తినే ఉంటుంది. మధ్యవర్తులు తక్కువ. స్టీరింగ్ గేరు అలా కాదు. చేత్తో తిప్పింది గేర్‌బాక్సుకు చేరాలంటే స్టీరింగ్ గొట్టం వెంట కిందికి దిగాలి, అక్కడో మలుపు తిరగాలి, లింకు కడ్డీల మీదుగా వెనక్కి పోవాలి.

లివరుకు రెండు పనులు. మనవైపు లాగడం, అవతలికి నెట్టడం ఒకటి. ఏ జత గేర్లు కావాలో దాంతో తేలుతుంది. పైకీ కిందికీ కదపడం రెండోది. ఆ జతలో ఏది పడాలో దాంతో తేలుతుంది. ఈ రెండు కబుర్లనూ వేర్వేరు లింకులు మోసుకెళ్లాలి. ప్రతి మలుపు దగ్గరా ఓ పిన్ను, ఓ బుష్. ఒక్కో బుష్ వెంట్రుకవాసి అరిగినా అన్నీ కలిసి లివరు చివరికొచ్చేసరికి బెత్తెడు ఊగులాట అవుతుంది. ఊరి చివర నుంచి నోటిమాటగా వచ్చిన కబురు రచ్చబండ చేరేసరికి మారిపోయినట్టే!

అరుగుదల ముదిరితే ఇంకో చిక్కు. ఒక గేరు పూర్తిగా విడవకముందే రెండోది అందుకోబోయి లివరు బిగుసుకుపోతుంది. ముంబయిలో పెడ్డర్ రోడ్డు ఎత్తుమీదో, సిగ్నలు పడిన కూడలిలోనో డ్రైవరు గబగబా దిగి, బానెట్ ఎత్తి, లోపల లింకును చేత్తో ఒక్క గుంజు గుంజి మళ్లీ ఎక్కడం పాత ఫియట్లూ, అంబాసిడర్లూ తిరిగిన రోజుల్లో మామూలు దృశ్యమే. వెనకున్న హారన్లు ఆగేలోపు ఆ పని అయిపోవాలి. అదీ పనితనం.

ఇంకో రహస్యం చాలామంది పట్టించుకోరు. స్టీరింగ్ గొట్టం కారు బాడీకి బిగించి ఉంటుంది. గేర్‌బాక్సు మాత్రం ఇంజినుతో కలిసి రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఆ రబ్బర్లు చితికిపోతే ఇంజిను ఊగినప్పుడల్లా గేర్‌బాక్సు కదులుతుంది, లింకు పొడవు లెక్క తప్పుతుంది. అప్పుడు బుష్‌లు ఎన్ని మార్చినా గేరు సరిగ్గా పడదు. క్లచ్ పూర్తిగా విడవకపోయినా అంతే. గేరు గట్టిగా పడుతోందని లివరును తిట్టుకుంటాం, దొంగ మాత్రం క్లచ్‌లో ఉంటాడు.

మారుతి నేర్పిన అలవాటు

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. గేరు నేలమీద, రెండు విడి సీట్ల మధ్యలో. మణికట్టు కదిపితే చాలు గేరు పడేది. కారు నడపడమంటే ఇంత తేలికా అని దేశం ఆశ్చర్యపోయింది. అప్పటిదాకా ఫియట్ కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు.

కుర్లా కూడా ఊరుకోలేదు. 1985లో ప్రీమియర్ 118ఎన్ఈ తెచ్చింది. ఫియట్ 124 నుంచి పుట్టిన బాడీ, జపాన్ నిస్సాన్ ఇంజిను, గేర్‌బాక్సు. గేరు నేలమీదే. చివరికి 1990ల రెండో భాగంలో పద్మినికే ఎస్1 పేరుతో నిస్సాన్ గేర్‌బాక్సు, ఫ్లోర్ గేరు, బకెట్ సీట్లు వచ్చాయి. అంటే ఇప్పుడు మనవడు అడుగుతున్న మార్పును కంపెనీయే చేసి చూపించింది. అయితే అప్పటికే ఆలస్యమైపోయింది. 2000 సంవత్సరంతో పద్మిని తయారీ దాదాపు ముగిసింది. ఫ్యాక్టరీ ఉన్న నేలలో కొంత భాగంలో ఇప్పుడు కోహినూర్ సిటీ పేరుతో ఇళ్లూ, ఆఫీసులూ, ఆసుపత్రీ లేచాయి. దగ్గర్లో ఓ రోడ్డుకు మాత్రం ప్రీమియర్ పేరు మిగిలింది.

కారు పుట్టిన కుర్లాలోనే దాని ముక్కలు కూడా దొరకడం విశేషం. కుర్లా నుంచి కలీనా వైపు సాగే సీఎస్‌టీ రోడ్డు పాత కార్ల విడిభాగాలకు పేరుమోసిన చోటు. అవతల బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ అద్దాల మేడలు మెరుస్తుంటాయి. ఇవతల తలుపులు, దీపాలు, గేర్‌బాక్సులు దుకాణాల ముందు గుట్టలుగా ఉంటాయి. మన దగ్గర ఇలాంటి చోటంటే విజయవాడ ఆటోనగరే. పాత బండి ఏదైనా దాని రోగం చెప్పే చేతులు ఇలాంటి వీధుల్లోనే ఉంటాయి.

మూడు దారులు

గేరు బాగుచేయించాలనుకునేవారికి మూడు దారులున్నాయి.

మొదటిది మరమ్మతు. ఉన్న లివరును అలాగే ఉంచి అరిగిన బుష్‌లు, పిన్నులు, బాల్ జాయింట్లు మార్చడం. లింకు కడ్డీల పొడవు సరిచేయడం. కొత్త గ్రీజు. దొరకని బుష్‌ను లేతు మీద తిప్పించుకోవచ్చు. ఇత్తడిదో, గట్టి నైలానుదో వేస్తే ఎక్కువకాలం మన్నుతుంది. ఇంత చేశాక పాత ఫియట్ గేరు వెన్నలా కదులుతుంది. రెండు వేళ్లతో గేర్లు వేసిన పాత డ్రైవర్ల మాటలు గొప్పలు కావని అప్పుడు తెలుస్తుంది.

రెండోది గేర్‌బాక్సు అదే ఉంచి లివరును మాత్రం నేలమీదికి దించడం. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే సొరంగం మీద చిన్న పీట బిగించి, దానికి లివరు పెట్టి, పొట్టి లింకులతో గేర్‌బాక్సుకు కలుపుతారు. దారి తగ్గింది కాబట్టి ఊగులాట తగ్గుతుంది. ఇక్కడ పొడవు లెక్క ముఖ్యం. లివరు పొట్టిగా ఉంటే చేయి తక్కువ దూరం కదిపితే చాలు, కానీ బలం ఎక్కువ పెట్టాలి. పొడవుగా ఉంటే తేలిగ్గా పడుతుంది, చేయి మాత్రం ఎక్కువ దూరం పోవాలి. స్పోర్ట్సు కారులా ఉండాలని మరీ పొట్టిది పెట్టిస్తే ట్రాఫిక్‌లో మోచేయి నొప్పి ఖాయం.

మూడోది గేర్‌బాక్సే మార్చడం. 118ఎన్ఈ లేదా ఎస్1 నుంచి తీసిన నిస్సాన్ పెట్టె వేయడం. నడపడానికి ఇది అన్నిటికన్నా హాయి. పని కూడా అన్నిటికన్నా పెద్దది. ఇంజినుకూ పెట్టెకూ మధ్య అతుకు కుదరాలి, క్లచ్ సరిపోవాలి, వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచూడాలి, స్పీడోమీటరు కేబులు కలవాలి. షాఫ్టును కోసి అతికితే తిరుగుడులో తూకం సరిచేయించాలి. లేదంటే వేగం పెరిగేకొద్దీ బండి వణుకుతుంది.

రెండో దారైనా, మూడో దారైనా నేలకు రంధ్రం పడక తప్పదు. సముద్రపు గాలి, నాలుగు నెలల వాన ఉండే ముంబయిలో రేకుకు రంధ్రమంటే తుప్పుకు తలుపు తెరవడమే. కోసిన అంచుకు తుప్పు పట్టని రంగు వేసి, రబ్బరు తొడుగు గట్టిగా బిగించాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వాళ్లకూ ఇది వర్తిస్తుంది.

అసలు ఖర్చు మరొకటుంది. లివరు కదలడానికి చోటు కావాలి కాబట్టి బెంచి సీటు పోయి రెండు విడి సీట్లు రావాలి. బయటి నుంచి చూస్తే అదే ఫియట్. తలుపు తీస్తే వేరే కారు.

యాభై ఏళ్ల గీత

డబ్బూ, హాయీ కాక ఈ మధ్య మూడో లెక్క ఒకటి చేరింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనాలకు 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలుగా నిర్ణయించారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఇలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలు, ర్యాలీల వంటివాటికే తప్ప రోజువారీ తిప్పుడుకు వాడకూడదు.

1964 నాటి డిలైట్లే కాదు, 1974లో వచ్చిన తొలి పద్మినులు కూడా ఇప్పుడు ఆ గీత దాటాయి. నిబంధనలో గేరు లివరు పేరెత్తి చెప్పకపోయినా, నేల కోసిన బండిని 'అసలు రూపం' అని చూపించడం తేలికేం కాదు. వింటేజ్ ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు ముందుగా చూసేది కూడా కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా లేదా అన్నదే. కాబట్టి ఇంట్లోని బండి వయసెంత అన్నది మెకానిక్ దగ్గరికి వెళ్లకముందే తేల్చుకోవాలి. 1960ల, 70ల బండి అయితే మొదటి దారే మేలు. 1980లు, 90ల నాటిదై, అప్పుడప్పుడూ ఆఫీసుకు కూడా తీసుకెళ్లాలనుకుంటే ఫ్లోర్ గేరు గురించి ఆలోచించడంలో తప్పులేదు.

మార్చే ముందు...

* ముందుగా క్లచ్ సర్దుబాటు, ఇంజిను, గేర్‌బాక్సు మౌంటింగులు చూపించండి. సగం రోగం అక్కడే తగ్గొచ్చు.

* ఇంజిను ఆపి లివరును కదుపుతూ, మరొకరిని కింద లింకులు గమనించమనండి. పైన కదిలినా కింద కదలని చోటే అరిగిన బుష్.

* మార్పు తప్పదనుకుంటే పాత లివరు, లింకులు, బెంచి సీటు అమ్మేయకండి. నూనె రాసి గుడ్డలో చుట్టి అటకెక్కించండి. రేపు ఎవరైనా మళ్లీ పాతరూపం కావాలంటే ఇవి బయట దొరకడం కష్టం.

* కోత వీలైనంత చిన్నగా ఉండాలి. వెల్డింగు కన్నా బోల్టులతో బిగించే పద్ధతి మంచిది. విప్పితే మళ్లీ మొదటికి రావచ్చు.

* గేర్ల వరస కొత్తదైతే లివరు గుండు మీద రాయించండి. ఇంట్లో నడిపేది ఒక్కరే కాకపోవచ్చు.

ముంబయి ట్యాక్సీ స్టాండుల్లో ఇప్పుడు నిలబడే చిన్న కార్లలో గేరు తేలిగ్గా పడుతుంది, ముందు సీట్లు రెండే. ఆ నగరానికి ఇక ఎంచుకునే పని లేదు. షెడ్డులో ఫియట్ ఉన్నవాళ్లకు మాత్రం ఇంకా ఉంది. మెకానిక్‌ను పిలవబోయే ముందు ఓ ఆదివారం ఇంట్లోవాళ్లంతా కలిసి ఆ పాత బెంచి సీటు మీద కూర్చుని చూడండి. గేరు ఎక్కడుండాలో తాతయ్యను కూడా ఓ మాట అడగండి.